ఫిన్స్ కొనే ముందు మీ కిక్ ఏదో తెలుసుకోండి: 15 వేలు పోయాక నాకు తెలిసొచ్చింది ఇదే

నేను ఉండేది నాంపల్లిలో, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే రూమ్. అక్కణ్ణుంచి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి నడిచే వెళ్లిపోవచ్చు. బీటెక్ ఫస్ట్ ఇయర్ నుంచి నా ఫోన్లన్నీ అక్కడే కొన్నా, అక్కడే అమ్మేశా. సెకండ్ హ్యాండ్ ఫోన్ చేతికిస్తే డిస్‌ప్లే మార్చారా, బ్యాటరీ హెల్త్ ఎంత, స్పీకర్ గరగరలాడుతోందా అన్నది ఐదు నిమిషాల్లో చెప్పేస్తా. ఫ్రెండ్స్ ఎవరు ఫోన్ కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు.

అలాంటి నేను స్కూబా ఫిన్స్ మాత్రం ఒకే ఒక్క వీడియో రివ్యూ చూసి కొనేశా. "ఈ రేంజ్‌లో ఇదే ఫాస్టెస్ట్" అన్నాడు ఆ వీడియోలో. 15 వేలు పెట్టి ఆర్డర్ కొట్టేశా. ఆ ఫిన్స్ ఇప్పుడు నా మంచం కింద కవర్‌లో ఉన్నాయి. అవి చెడ్డ ఫిన్స్ ఏం కావు. నేను వెళ్లే చోటికి, అక్కడ వేయాల్సిన కిక్‌కి పనికిరానివి, అంతే.

గ్యాడ్జెట్ సైట్‌లో ఫిన్స్ గోల ఏంటి అంటారా? యాక్షన్ కెమెరా, వాటర్‌ప్రూఫ్ కేస్, డైవ్ కంప్యూటర్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. వాటన్నిటినీ నీళ్లలో మోసుకెళ్లేది, కదలకుండా నిలబెట్టేది కాళ్లకున్న ఆ రెండు ప్లాస్టిక్ ముక్కలే. వాటి గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. నా వాదన ఒక్కటే: ఫిన్స్‌ని స్పీడ్ చూసి కొనకండి. మీరు ఏ కిక్ వేయాల్సిన చోటికి వెళ్తున్నారో చూసి కొనండి.

రుషికొండలో ఏం జరిగిందంటే

నేను, నా క్లాస్‌మేట్ ఇద్దరం అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్స్ చేశాం. ఆ తర్వాత మొదటి డైవ్ మన దగ్గరే చేద్దామని నాంపల్లిలో గోదావరి ఎక్కి వైజాగ్ వెళ్లాం. రుషికొండ దగ్గర బోట్ డైవ్. సుమారు 12 మీటర్ల లోతు, కింద ఇసుక, మధ్యమధ్యలో రాళ్లు. అండమాన్‌లో చూసినట్టు అద్దంలాంటి నీళ్లు కావు ఆ రోజు. నాలుగైదు మీటర్లకు మించి కనిపించట్లేదు.

గైడ్ ముందు, నేను మధ్యలో, వాడు నా వెనక. ఒక రాయి కింద లయన్ ఫిష్ కనిపించింది. వీడియో తీద్దామని ఆగా. ఆగడం అంటే నాకు తెలిసింది ఒక్కటే, నిటారుగా అయిపోయి కాళ్లు కిందికి కొట్టడం. కొత్త ఫిన్స్, మంచి హుషారుగా కొట్టా. రెండు సెకన్లలో కింద ఉన్న ఇసుకంతా లేచింది. తిరిగి చూస్తే వాడు లేడు. పాల గ్లాసులో తల పెట్టినట్టుంది.

కోర్స్‌లో నేర్పింది గుర్తుంది: బడ్డీ కనిపించకపోతే ఒక నిమిషం వెతుకు, దొరక్కపోతే మెల్లగా పైకి వెళ్లి అక్కడ కలువు. ఒక నిమిషం అంటే 60 సెకన్లే. ఆఫీస్‌లో బిల్డ్ అవ్వడానికి కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది. కానీ ఆ 60 సెకన్లు నా జీవితంలోనే పెద్దవి. పైకి వచ్చాక వాడు పది మీటర్ల దూరంలో, జాకెట్‌లో గాలి నింపుకుని తేలుతున్నాడు. బాగానే ఉన్నాడు. "ఎటు పోయావో తెలీలేదు రా" అన్నాడు, అంతే. బోట్ ఎక్కాక కూడా ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ డైవింగ్‌కి రాలేదు.

గైడ్ నా ఫిన్స్ చేతిలోకి తీసుకుని వంచి చూసి ఇలా అన్నాడు: "ఫిన్స్ మంచివే తమ్ముడూ. ఇక్కడికి కాదు. ముందు కప్ప ఈత నేర్చుకో."

స్పీడ్ అనే స్పెక్ ఎందుకు పనికిరాదు

ఫోన్‌లో బెంచ్‌మార్క్ స్కోర్ ఎలాగో, ఫిన్స్ మార్కెటింగ్‌లో స్పీడ్ అలాగ. వినడానికి బాగుంటుంది. ఒక్కసారి లెక్క చూద్దాం.

నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. నీళ్లలో మీ స్పీడ్ డబుల్ చేయాలంటే మిమ్మల్ని వెనక్కి లాగే డ్రాగ్ నాలుగు రెట్లు అవుతుంది. దానికి కాళ్లు పెట్టాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. ఇంజినీరింగ్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన వాళ్లకి ఇది గుర్తుండాలి. నేను ఆ సబ్జెక్ట్ చదవలేదు, కానీ తొడలు మాత్రం గుర్తు పెట్టుకున్నాయి.

ఆ పవర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ట్యాంక్‌లో గాలి నుంచే. మామూలుగా మనకిచ్చే అల్యూమినియం ట్యాంక్ 11.1 లీటర్లు, 200 బార్ నింపి ఉంటుంది. 50 బార్ రిజర్వ్ వదిలేస్తే వాడుకోగలిగేది 150 బార్, అంటే సుమారు 1,665 లీటర్ల గాలి. పైన ప్రశాంతంగా నిమిషానికి 15 లీటర్లు పీల్చే మనిషికి 20 మీటర్ల లోతులో ప్రెజర్ మూడు రెట్లు కాబట్టి 45 లీటర్లు ఖర్చవుతుంది. అంటే 37 నిమిషాలు. అదే మనిషి స్పీడ్‌గా తన్ని ఆయాసపడి, పైన లెక్కలో 25 లీటర్లకి వెళ్లాడనుకోండి. కింద 75 లీటర్లు. 22 నిమిషాల్లో అయిపోతుంది. పావుగంట డైవ్ పోయింది, ఎందుకు? చేపలకంటే ముందు చేరుకోడానికి.

స్కూబాలో ఎవరూ రేస్ పెట్టుకోరు. నెమ్మదిగా వెళ్లేవాడికే ఎక్కువ కనిపిస్తుంది, ఎక్కువసేపు కనిపిస్తుంది. అందుకే ఫిన్‌ని అడగాల్సిన ప్రశ్న "ఎంత ఫాస్ట్?" అని కాదు. "నేను ఆపాలనుకున్నప్పుడు ఆపుతుందా, తిప్పాలనుకున్నప్పుడు తిప్పుతుందా?" అని.

ముందు కిక్స్ తెలుసుకుందాం

ఫ్లట్టర్ కిక్: అందరికీ మొదట నేర్పేది ఇదే. కాళ్లు చాచి, తుంటి నుంచి ఒకటి పైకి ఒకటి కిందికి. సులువు. నీటి పైన ఈదుకుంటూ బోట్ దగ్గరికి వెళ్లాలన్నా, కరెంట్‌కి ఎదురెళ్లాలన్నా ఇదే దిక్కు. ఇబ్బంది ఏంటంటే, ప్రతి తన్నుకీ కొంత నీరు కిందికి వెళ్తుంది. కింద ఇసుకో బురదో ఉంటే లేస్తుంది. పగడపు దిబ్బ ఉంటే ఫిన్ అంచు తగిలి విరుగుతుంది. అది ఏళ్ల తరబడి పెరిగింది, మనం ఒక్క తన్నుతో ముక్క చేస్తాం.

ఫ్రాగ్ కిక్: గైడ్ చెప్పిన కప్ప ఈత. శరీరం నీళ్లలో బల్లపరుపుగా ఉంచి, మోకాళ్లు వంచి, అరికాళ్లు పైకెత్తి, రెండు పాదాల్నీ బయటికి తిప్పి వెనక్కి దగ్గరికి తేవాలి. తర్వాత కాళ్లు కదపకుండా జారాలి. ఆ జారడంలోనే అసలు మజా. నీరు కిందికి కాదు, వెనక్కి వెళ్తుంది. ఇసుక లేవదు. రెండు తన్నుల మధ్య రెస్ట్ దొరుకుతుంది కాబట్టి ఊపిరి నెమ్మదిస్తుంది. నీటి అడుగున గుహల్లో డైవ్ చేసేవాళ్లకి ఇది ప్రాణం లాంటిది. అక్కడ ఒక్కసారి బురద లేస్తే బయటికి దారే కనపడదు మరి.

హెలికాప్టర్ టర్న్, బ్యాక్ కిక్: మొదటిది ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, రెండోది వెనక్కి రావడం. కారులో రివర్స్ గేర్ లాంటిది. కెమెరా పట్టుకునే వాళ్లకి ఇది చాలా అవసరం. చేప మొహం మీదికి వెళ్లిపోయాక చేతులు ఊపకుండా వెనక్కి రావాలంటే ఇదే మార్గం. రుషికొండలో ఆ రోజు నాకు ఈ రెండూ వచ్చుంటే ఈ ఆర్టికల్ రాసే పనే లేదు.

డాల్ఫిన్ కిక్: రెండు కాళ్లూ కలిపి అల లాగా. ఇది ట్యాంక్ లేకుండా ఊపిరి బిగబట్టి వెళ్లే ఫ్రీడైవర్లది. వాళ్ల పొడవాటి కార్బన్ ఫిన్స్, మోనోఫిన్ వేరే ప్రపంచం. స్టైల్‌గా ఉన్నాయని స్కూబాకి కొనకండి. రాళ్ల మధ్య తిప్పుకోలేరు.

ఏ కిక్‌కి ఏ ఫిన్?

నేను కొన్నది స్ప్లిట్ ఫిన్. బ్లేడ్ మధ్యలో చీలిక ఉంటుంది. కాలి మీద భారం తక్కువ, చిన్నచిన్నగా త్వరత్వరగా ఫ్లట్టర్ కొడితే హాయిగా వెళ్తుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు, పిక్కలు పట్టేసేవాళ్లు దీన్ని మెచ్చుకోవడానికి కారణం ఉంది. కానీ ఫ్రాగ్ కిక్‌లో బ్లేడ్ నీటిని పక్కనుంచి పట్టి నెట్టాలి. మెత్తటి, చీలిన బ్లేడ్ అక్కడ వంగిపోతుంది, నీరు చీలికలోంచి జారిపోతుంది. బ్యాక్ కిక్ అయితే ఇంకా కష్టం. నేను పూల్‌లో 20 నిమిషాలు ట్రై చేస్తే ఉన్నచోటే ఊగుతూ ఉండిపోయా.

ఫ్రాగ్, బ్యాక్, హెలికాప్టర్ మూడింటికీ కావాల్సింది పొట్టిగా, వెడల్పుగా, గట్టిగా ఉండే ప్యాడిల్ బ్లేడ్. దీనికి తాతలాంటిది జెట్ ఫిన్. ఫ్రాన్స్‌కి చెందిన జార్జ్ బోషా 1960ల్లో తెచ్చిన డిజైన్, బ్లేడ్‌లో నీరు పోవడానికి రంధ్రాలుంటాయి, మొత్తం నల్ల రబ్బరు. స్కూబాప్రో దాన్ని ఇప్పటికీ అమ్ముతోంది. రెండేళ్లకే ఫోన్ పాతబడిపోయే మన లోకంలో, 60 ఏళ్ల నాటి డిజైన్‌ని ఈరోజు కూడా టెక్నికల్ డైవర్లు వెతికి కొంటున్నారంటే ఆలోచించాలి. కొత్తది కావడం గొప్ప కాదు, పనికి సరిపోవడం గొప్ప.

మరి జెట్ ఫిన్ కొనేయాలా? ఆగండి. నేను మొదటి తప్పు దిద్దుకోబోయి దాదాపు రెండో తప్పు చేసేవాణ్ణి. ఆ రబ్బరు ఫిన్స్ బరువు, నీళ్లలో మునుగుతాయి. చల్లటి దేశాల్లో డ్రై సూట్ వేసుకునే వాళ్లకి సూట్‌లో గాలి వల్ల కాళ్లు పైకి తేలతాయి, వాటిని కిందికి దించడానికి ఆ బరువు మేలు చేస్తుంది. మనం డైవ్ చేసేది వెచ్చటి బంగాళాఖాతంలో, పల్చటి వెట్ సూట్‌తో. పైగా అల్యూమినియం ట్యాంక్ ఖాళీ అవుతున్నకొద్దీ తేలడం మొదలుపెడుతుంది. వీపు పైకి, కాళ్లు కిందికి అయితే ఏమవుతుంది? మళ్లీ ఇసుక కొట్టే పొజిషన్‌లోకే వస్తాం. ఇంకోటి, అండమాన్ ఫ్లైట్‌లో చెక్ ఇన్ బ్యాగ్ 15 కిలోలే. ఫిన్స్‌కే దాంట్లో పెద్ద వాటా ఇచ్చేస్తే మిగతావి ఎక్కడ పెడతారు?

కాబట్టి మన నీళ్లకి, మొదటి జతకి నా ఓటు: నీళ్లలో దాదాపు బరువు లేనట్టుండే ప్లాస్టిక్, రబ్బరు కలిపిన ప్యాడిల్ ఫిన్. మరీ రాయిలా కాకుండా మీడియం గట్టిదనం. ఇలాంటి దాంతో ఫ్లట్టర్ కూడా బానే కొట్టొచ్చు, ఫ్రాగ్ కూడా నేర్చుకోవచ్చు. ఏ ఒక్క దాంట్లోనూ నంబర్ వన్ కాదు. కానీ మొదటి 30, 40 డైవ్‌లకి కావాల్సింది ఆల్‌రౌండరే.

పాదం సంగతి మర్చిపోవద్దు. ఫుల్ ఫుట్ ఫిన్ చెప్పులా నేరుగా కాలికి ఎక్కుతుంది, తేలిక, చవక, స్నార్కెలింగ్‌కి చాలు. ఓపెన్ హీల్ ఫిన్‌కి మడమ దగ్గర స్ట్రాప్, లోపల నియోప్రీన్ బూటీలు. రాళ్ల మీద, వేడి ఇసుక మీద నడిచి నీళ్లలోకి దిగాలంటే బూటీలుండాల్సిందే. రబ్బరు స్ట్రాప్ కంటే స్ప్రింగ్ స్ట్రాప్ మేలు, ఊగే బోట్‌లో బకిల్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. సైజు చూసేటప్పుడు మీ బూటీలతోనే చూడండి. వేళ్లు నలగకూడదు, మడమ ఊగకూడదు. ఫ్రాగ్ కిక్‌లో చీలమండ తిప్పుతాం కాబట్టి పాదం లోపల ఆడితే పవర్ మొత్తం అక్కడే పోతుంది.

అబిడ్స్‌లో దొరుకుతాయా?

అడిగి చూశా. ఒక స్పోర్ట్స్ షాపులో పెద్దాయన "కప్ప కాళ్లా బేటా?" అని నవ్వి, పై అరలోంచి పొట్టి స్విమ్మింగ్ ఫిన్స్ తీశాడు. అవి పూల్‌లో ప్రాక్టీస్ కోసం చేసినవి. ట్యాంక్, జాకెట్, వెయిట్ బెల్ట్ వేసుకున్న మనిషిని కదపడానికి చాలవు. సముద్రం లేని ఊళ్లో ఇంతకంటే ఆశించడం కూడా తప్పే. స్కూబా ఫిన్స్ అంటే మనకి ఆన్‌లైన్, లేదా డైవ్ సెంటర్ల దగ్గర వాడినవి.

కానీ జగదీశ్ మార్కెట్ నేర్పిన పాఠం ఇక్కడ పనికొచ్చింది. సెకండ్ హ్యాండ్ ఫిన్స్ చూసేటప్పుడు బ్లేడ్, ఫుట్ పాకెట్ కలిసే చోట వంచి చూడండి. సన్నటి పగుళ్లుంటే వదిలేయండి. ఫుట్ పాకెట్ రబ్బరు గట్టిపడి పెళుసుగా ఉందా చూడండి. బకిల్ పది సార్లు పెట్టి తీయండి. ఆ మోడల్‌కి స్పేర్ స్ట్రాప్ దొరుకుతుందా కనుక్కోండి. బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేదు కాబట్టి సరిగ్గా వాడిన జత ఏళ్లకేళ్లు ఉంటుంది. నా ఇప్పటి ఫిన్స్ అలా కొన్నవే, కొత్త స్ప్లిట్ ఫిన్స్ ధరలో సగం కంటే తక్కువకి.

ఇంకా మంచి సలహా: అసలు మొదట్లో కొనకండి. డైవ్ సెంటర్లు ఫిన్స్ ఎలాగూ ఇస్తాయి. ప్రతిసారీ వేరే రకం అడిగి వేసుకోండి. డైవ్ అయ్యాక ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకోండి: పిక్కలు పట్టాయా, ఆగగలిగానా, ఎంత గాలి మిగిలింది. ఐదారు డైవ్‌లకే మీ కాళ్లు మీకు చెప్పేస్తాయి.

నాకు సముద్రం దగ్గర్లో లేదు కదా అంటే, ఫ్రాగ్ కిక్ నేర్చుకోడానికి సముద్రం అక్కర్లేదు. నేను మొదలుపెట్టింది మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల నుంచి కాళ్లు బయటికి పెట్టి. రూమ్మేట్ వీడియో తీసి గ్రూప్‌లో పెట్టాడు, అది వేరే విషయం. తర్వాత పూల్. జనం ఉండే టైమ్‌లో ఫిన్స్ వేసుకోనివ్వరు, ముందే కోచ్‌ని అడిగి ఖాళీ టైమ్ తీసుకోండి. మొదట ఫిన్స్ లేకుండా బ్రెస్ట్ స్ట్రోక్ కాళ్లు, తర్వాత ఫిన్స్‌తో. ఒక్కో తన్నుకి ఎంత దూరం జారుతున్నారో లెక్కపెట్టండి. ఈ ఆటలో నాకు తెలిసిన మంచి బెంచ్‌మార్క్ అదొక్కటే, అది ఫిన్ స్కోర్ కాదు, మీ స్కోర్.

ఇంకో మాట కూడా నిజమే

"ఫ్రాగ్ కిక్ వాళ్లకి కొంచెం పొగరెక్కువ" అని డైవర్లలో జోక్ ఉంటుంది. అందులో నిజముంది. ఫ్లట్టర్ కొట్టేవాళ్లంతా తెలియనివాళ్లు కారు. బలమైన కరెంట్ ఉన్నప్పుడు ఫ్రాగ్ కిక్‌తో ఉన్నచోటే ఉంటారు. మోకాలి సమస్య ఉంటే పాదాలు బయటికి తిప్పడం ఇబ్బంది, వాళ్లకి నా స్ప్లిట్ ఫిన్సే వరం కావచ్చు. అలాగే ఎంత మంచి ఫిన్ వేసినా, నీళ్లలో బల్లపరుపుగా నిలబడటం రాకపోతే ఇసుక లేస్తుంది. ఆ రోజు తప్పు మొత్తం ఫిన్స్ మీదికి నెట్టేస్తే నేను అబద్ధం చెప్పినట్టే. సగం పైగా నాదే. రాని కిక్‌కి, తెలియని చోటికి, స్పీడ్ అనే ఒక్క మాట నమ్మి వస్తువు కొని, దాన్ని మొదటిసారి ఫ్రెండ్ ముందే టెస్ట్ చేశా. ప్రొడక్షన్‌లో డైరెక్ట్‌గా కోడ్ పెట్టినట్టు.

ఫోన్ విషయంలో తప్పు చేస్తే లాగ్ అవుతుంది, తిట్టుకుంటాం, జగదీశ్ మార్కెట్‌లో అమ్మేస్తాం. నీళ్ల కింద మన తప్పుకి పక్కవాడు కూడా భయపడతాడు. ఈ తేడా గుర్తుంటే చాలు, ఏ రివ్యూ చూసినా మోసపోరు.

పోయిన నెల ఒక్కణ్ణే వెళ్లి అదే గైడ్‌తో రుషికొండలో డైవ్ చేశా. రాయి దగ్గర ఆగా, తిరిగా, వెనక్కి వచ్చా. ఇసుక రేణువు కూడా లేవలేదు. ఆ వీడియో మావాడికి పంపా. "బానే ఉంది" అని రిప్లై ఇచ్చాడు. గోదావరికి రెండు టికెట్లు బుక్ చేసి ఉంచా. వాడింకా సరే అనలేదు.